అపరిచితుల దళానికి సారథి కరవు

పరస్పరం ముఖపరిచయం లేని అయిదుగురిని ఒకచోట చేర్చడానికి నేటి కంప్యూటర్‌కు కొద్ది నిమిషాలు చాలు. అయితే ఆ అయిదుగురిలో ముందు నడిచేదెవరు, పని చెడినప్పుడు మాట పడేదెవరు అన్న ప్రశ్నకు మాత్రం అది అంత సులువుగా జవాబు చెప్పలేకపోయింది. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ క్రీడ రెండు దశాబ్దాల చరిత్ర ఇందుకు నిదర్శనం. అపరిచితుల దళాన్ని నడిపించే శ్రమకు అక్కడ గిరాకీ ఎప్పుడూ ఉంది. సరఫరా మాత్రం ఎన్నడూ చాలలేదు. ఆ కొరతను తీర్చేందుకు క్రీడా సంస్థ యంత్రాన్ని ప్రయోగించింది, బహుమతులు ప్రకటించింది. మరోవైపు దొంగచాటు విపణి తలెత్తింది. వినోదం కోసం పుట్టిన ఒక ఆట, నాయకత్వం అనే సరకుకు ధర కట్టడం ఎంత కష్టమో తెలిపే అర్థశాస్త్ర పాఠంగా మారడం విశేషం.

అయిదుగురు, మూడు బాధ్యతలు

అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబర్ 23న ఈ క్రీడను విడుదల చేసింది. నెలవారీ చందా చెల్లించి ఆడే ఈ ఆటకు 2010 అక్టోబర్ నాటికి కోటీ 20 లక్షల మంది చందాదారులు ఏర్పడ్డారు. ఆటగాడు ఒక కాల్పనిక ప్రపంచంలో యోధుడిగానో, మాంత్రికుడిగానో, పూజారిగానో ఒక పాత్ర ధరిస్తాడు. ఆ ప్రపంచంలో అక్కడక్కడ నేలమాళిగలు, పాడుబడిన కోటలు, గనులు ఉంటాయి. వీటినే ఆటగాళ్ళు 'డంజన్లు' అంటారు. వీటిలోకి ఒంటరిగా వెళ్ళినవాడు ప్రాణాలతో తిరిగిరావడం కష్టం. అందువల్ల అయిదుగురు దళంగా ఏర్పడి ప్రవేశించాలి. ప్రతి దళానికీ ఆ నేలమాళిగ విడిగా ఒక ప్రతిగా తెరుచుకుంటుంది గనుక ఒక దళం పోరాటంలో మరో దళం జోక్యం చేసుకోలేదు.

దళంలో పని విభజన కచ్చితంగా ఉంటుంది. 'ట్యాంక్' అనే ఆటగాడు శత్రువుల దెబ్బలన్నీ తనమీద వేసుకుంటాడు. 'హీలర్' గాయపడినవారికి చికిత్స చేస్తాడు. మిగిలిన ముగ్గురూ శత్రువును మట్టుపెట్టే పని చూస్తారు. ఈ విభజన వెనుక ఒక లెక్క ఉంది. ఎవరివల్ల ఎంత ముప్పు కలుగుతున్నదో ప్రతి రాక్షసుడి పేరిటా క్రీడాయంత్రం ఒక పట్టిక నిర్వహిస్తుంది. ఆ పట్టికలో పైనున్నవాడిపైనే రాక్షసుడు విరుచుకుపడతాడు. కొట్టినవాడికే కాదు, చికిత్స చేసినవాడికి కూడా అందులో అంకెలు పెరుగుతాయి. ఆ పట్టికలో ఎల్లవేళలా తానే ముందుండటం ట్యాంక్ విద్య. అది తప్పితే రాక్షసుడు హీలర్ మీదికి తిరుగుతాడు. హీలర్ పడిపోతే మిగిలినవారి పని కొద్ది క్షణాల్లో ముగుస్తుంది. దళమంతా నేలకూలి, మళ్ళీ మొదటినుంచి నడిచి రావలసి వస్తుంది.

ట్యాంక్‌ను ఎవరూ నాయకుడిగా ఎన్నుకోరు. అయినా శత్రువును మొదట తాకేది అతడే గనుక ఎప్పుడు ముందుకు సాగాలి, ఎప్పుడు ఆగాలి అన్న నిర్ణయం సహజంగానే అతడి చేతికి వస్తుంది. దారి తెలిసి ఉండాలి. ఏ గదిలో కాపలా మూక ఎటు తిరుగుతున్నదో గమనించాలి. హీలర్ మంత్రశక్తి అడుగంటినప్పుడు నిరీక్షించాలి. మొదట కొట్టవలసిన శత్రువు నెత్తిన పుర్రె గుర్తు, తరువాతివాడి నెత్తిన ఇంటూ గుర్తు పెట్టాలి. తొలి సంవత్సరాల్లో మాంత్రికుడు ఒక శత్రువును గొర్రెగా మార్చి పక్కనపెట్టేవాడు. దాన్ని ఎవరూ పొరపాటున కొట్టకుండా చూసుకోవలసిన పూచీ కూడా దళం నడిపేవాడిదే. దాడిచేసే ముగ్గురిలో ఒకడు ఏమరుపాటుగా ఉన్నా చాలాసార్లు పని సాగిపోతుంది. ట్యాంక్ తప్పు చేస్తే మాత్రం అయిదుగురికీ తెలిసిపోతుంది.

పేరు ప్రతిష్ఠల కాలం

నేలమాళిగలో దళంగా సాహసించడమన్న కల్పన కొత్తది కాదు. అమెరికాలో 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లమీది ఆట దీనికి మూలం. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ ఇదే తరహా ఆటను కంప్యూటర్‌పై పలువురు కలిసి ఆడేలా కేవలం అక్షరాలతో రూపొందించారు. 1999 మార్చిలో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' దానికి దృశ్యరూపం కల్పించి వ్యాపారపరంగా ఘనవిజయం సాధించింది. అయితే బల్లమీది ఆటలో చుట్టూ కూర్చున్నవారు మిత్రులు. ఆన్‌లైన్ క్రీడలో చుట్టూ ఉన్నవారు ఎవరో, ఏ దేశంవారో తెలియదు. నాయకత్వ సమస్య ఈ తేడాతోనే మొదలైంది.

వార్‌క్రాఫ్ట్ తొలి అయిదేళ్ళలో దళం కూర్చడం చాలావరకు మనుషుల పని. నాయకుడు కాగోరినవాడు కాల్పనిక నగరంలో నిలబడి, ఫలానా కోటకు హీలర్ కావాలని సంభాషణా వాహికలో పదేపదే ప్రకటించుకోవాలి. వచ్చినవారిని పరిశీలించి చేర్చుకోవాలి. తరువాత అందరూ ఆ కోట ద్వారం వరకూ ప్రయాణించాలి. లోపల గడిపే సమయం కంటే బయట నిరీక్షణే ఎక్కువైన సందర్భాలు కొల్లలు. అయినా ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. ఆటగాళ్ళందరూ ఒకే సర్వర్‌కు చెందినవారు. నేడు మాట తప్పినవాడు రేపు మళ్ళీ అదే వీధిలో ఎదురవుతాడు. వస్తువు కాజేసి పారిపోయినవాడి పేరు ఊరంతా పాకుతుంది. ఓపికగా దళం నడిపినవాడికి మరునాడు పిలుపు వస్తుంది. పల్లెటూరి అంగడిలో అరువు ఎలా పుడుతుందో ఇక్కడ నమ్మకం అలాగే పుట్టింది. పరిచయాలు లేనివారు, రోజుకు గంటసేపే ఆడగలవారు ఈ అంగడి వెలుపలే ఉండిపోయారన్నది ఆ నాణేనికి రెండో వైపు.

ఇంకా పెద్ద పోరాటాలకు నలభై మంది కావలసివచ్చేది. నలభై మందిని నియమిత వేళకు రప్పించి, గెలిచిన సొత్తును తగవు లేకుండా పంచడం ఒక సంస్థను నిర్వహించడంతో సమానమని వ్యాపార ప్రపంచం త్వరలోనే గుర్తించింది. ఈ క్రీడలో సంఘ నాయకుడిగా పొందిన అనుభవం స్టీఫెన్ జిలెట్ అనే అధికారికి యాహూ సంస్థలో ఉన్నతోద్యోగం లభించడానికి తోడ్పడిందని 2006లో 'వైర్డ్' పత్రిక రాసింది. 2008 మేలో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ' ప్రచురించిన వ్యాసం ఇటువంటి క్రీడలను నాయకత్వ ప్రయోగశాలలుగా అభివర్ణించింది. అక్కడ నాయకత్వం ఒక వ్యక్తికి అంటుకుపోయిన హోదా కాదని, పనినిబట్టి చేతులు మారే తాత్కాలిక బాధ్యత అని ఆ వ్యాసకర్తలు పేర్కొన్నారు. నలభై మందిని కూడగట్టడంలోని శ్రమ సంస్థకూ తెలియనిది కాదు. 2007లో వచ్చిన విస్తరణలో పెద్ద దళాల పరిమితిని 25కు, చిన్నవాటిని 10కి కుదించింది.

యంత్రం కూర్చిన దళం

2009 డిసెంబర్ 8న ఈ పరిస్థితి సమూలంగా మారింది. ఆటగాడు తన పాత్ర ఏమిటో తెలిపి ఒక మీట నొక్కితే చాలు, యంత్రమే వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని ఏరి నేరుగా నేలమాళిగ లోపల దించే 'డంజన్ ఫైండర్' అమలులోకి వచ్చింది. ప్రకటనలు, ప్రయాణం, ప్రాధేయపడటం అన్నీ ఒక్కసారిగా అనవసరమయ్యాయి. గంటసేపే ఆడగల ఉద్యోగికి, రాత్రి పిల్లలు నిద్రించాక కూర్చునే గృహిణికి ఇది వరమైంది. అపరిచితులతో కలిసి వెళ్ళినందుకు దళానికి స్వల్పంగా అదనపు బలం కూడా కల్పించారు. యాభై మంది అపరిచితులతో కలిసి పోరాడినవారికి 'సహనశీలి' అన్న అర్థమిచ్చే బిరుదు, వందమందితో పోరాడినవారికి ఒక పెంపుడు కుక్కపిల్ల లభించే ఏర్పాటు జరిగింది. అపరిచితులను భరించడానికి అన్నిటికంటే కావలసినది సహనమేనని సంస్థ ముందే గ్రహించిందనడానికి ఆ బిరుదే సాక్ష్యం.

అయితే యంత్రం ఒక వాస్తవాన్ని బట్టబయలు చేసింది. దాడిచేసే పాత్ర కోరినవారి వరుస బారెడు పొడవు. ట్యాంక్ పాత్ర కోరినవారి వరుస దాదాపు ఖాళీ. మొదటివారు పదుల నిమిషాలు నిరీక్షించవలసిరాగా, రెండోవారికి మీట నొక్కిన వెంటనే ద్వారం తెరుచుకునేది. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరన్న సామెత అక్షరాలా రుజువైంది. అంతకు ముందూ ఈ కొరత ఉన్నదే. కాని అప్పుడది నగర వీధిలోని కేకల్లో కలిసిపోయింది. ఇప్పుడు గడియారంపై నిమిషాల రూపంలో ప్రత్యక్షమైంది.

రెండో పరిణామం మాటలు ఆగిపోవడం. తెల్లారితే ఒకరికొకరు తారసపడని మనుషుల మధ్య పలకరింపు అనవసరమైంది. దారి తెలియని కొత్త ట్యాంక్‌కు నేర్పే తీరిక ఎవరికీ లేకపోయింది. నచ్చనివారిని ఓటుతో వెలివేసే సదుపాయం, మధ్యలో వెళ్ళిపోయినవారిని కొంతసేపు వరుసలో చేరనివ్వని శిక్ష ఉన్నాయి. పేరు ప్రతిష్ఠలు చేసిన పనిని ఈ నిబంధనలు పాక్షికంగా మాత్రమే చేయగలిగాయి. వెలివేతకు గురయ్యేవాడు దురుసువాడే కానక్కరలేదు. తొలిసారి బాధ్యత నెత్తికెత్తుకున్న కొత్తవాడు కూడా కావచ్చు. అనుభవం లేనిదే ఎవరూ రానివ్వరు, రానివ్వనిదే అనుభవం రాదు. ఉద్యోగార్థులకు చిరపరిచితమైన ఈ చిక్కుముడి ఆటలోనూ పడింది.

కొరతకు కట్టిన వెల

2011 ఏప్రిల్‌లో సంస్థ అర్థశాస్త్ర సూత్రాన్ని ఆశ్రయించింది. ఏ పాత్రకు ఆ సమయంలో కొరత ఉన్నదో యంత్రమే లెక్కించి, ఆ పాత్రలో ఒంటరిగా వరుసలో చేరి చివరి శత్రువును కూల్చేవరకూ నిలిచినవారికి అదనపు బహుమతి ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టింది. బంగారు నాణేలు, అదృష్టం కలిసివస్తే రత్నం, మరీ అరుదుగా వాహనంగా ఉపయోగపడే జంతువు ఆ సంచిలో ఉండేవి. ఈ కొరతకు కారణం ఆ పాత్రల నిర్మాణంలో లోపం కాదని, వాటిపై అదనంగా పడే బాధ్యతేనని సంస్థ అప్పట్లో వివరణ ఇచ్చింది. సరకు కొరవడితే ధర పెంచడం విపణి ధర్మం. ఇక్కడ కొరవడిన సరకు బాధ్యత.

ఈ బహుమతి వరుసలో మనుషులను చేర్చగలదు. వారిలో ఓర్పును చేర్చలేదు. ప్రతిఫలం పని ముగింపుకే తప్ప పని తీరుకు కాదు. కొత్త హీలర్ కోసం ఆగిన ట్యాంక్‌కూ, వెనుదిరిగి చూడకుండా పరుగెత్తిన ట్యాంక్‌కూ ఒకే సంచి. పైగా త్వరగా ముగించినవాడు గంటలో ఎక్కువ సంచులు సంపాదిస్తాడు. కూలి రోజుకా, పనికా అన్న పాత వివాదం తెలిసినవారికి ఇందులోని లోపాన్ని విడమరచి చెప్పనవసరం లేదు.

జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2013లో పునర్నిర్మించి విడుదల చేసిన 'ఫైనల్ ఫాంటసీ 14' మరో మార్గాన్ని కూడా జోడించింది. కొరత ఉన్న పాత్రకు బహుమతి అక్కడా ఉంది. దానితోపాటు, పోరాటం ముగిశాక ప్రతి ఆటగాడూ తన దళంలో ఒకరికి ప్రశంస తెలుపవచ్చు. ఆ ప్రశంసలు ఖాతాలో పోగుపడి క్రమంగా బిరుదులకు, వస్తువులకు దారితీస్తాయి. డబ్బు విలువ స్వల్పమే. అయినా పని తీరును చూసి ఇచ్చే ప్రతిఫలం అది. మళ్ళీ కలవని మనుషుల మధ్య కూడా మంచి పేరు వెంట వచ్చేలా చేసే చిన్న ప్రయత్నమిది.

దొంగచాటు విపణి

సంస్థ కట్టిన ధర చాలనిచోట బయటి విపణి పుట్టడం సహజం. ఆన్‌లైన్ ప్రపంచాల ఆర్థిక పరిమాణాన్ని మొదట లెక్కకట్టినవారిలో అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా ముఖ్యుడు. ఎవర్‌క్వెస్ట్‌లోని 'నొరాత్' అనే కాల్పనిక దేశంపై ఆయన 2001లో వెలువరించిన అధ్యయనం సంచలనం కలిగించింది. ఆటగాళ్ళు తమ వస్తువులను నిజమైన డాలర్లకు వేలం వేసుకుంటున్న తీరును బట్టి నొరాత్‌లో గంటకు దాదాపు 3.42 డాలర్ల ఆదాయం వస్తున్నదని, తలసరి స్థూల ఉత్పత్తి రష్యా, బల్గేరియాల నడుమ నిలుస్తుందని ఆయన అంచనా వేశారు. నాటి భారత్, చైనాల తలసరి ఉత్పత్తి కంటే అది ఎక్కువ కావడం గమనార్హం. లేని దేశం, ఉన్న దేశాన్ని ఆదాయంలో మించిపోయింది.

ఆ లెక్క పేద దేశాల యువకులకు ఉపాధి మార్గం చూపింది. ప్రపంచ బ్యాంకు అనుబంధ విభాగం ఇన్ఫోడెవ్ 2011లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ఆటలో నాణేలు సంపాదించి అమ్మడం, ఇతరుల తరఫున ఆడిపెట్టడం వంటి సేవల వ్యాపారం 2009లో సుమారు 300 కోట్ల డాలర్లకు చేరింది. చైనా, వియత్నాం వంటి దేశాలలో సుమారు లక్షమంది ఈ పనిమీద ప్రధానంగా ఆధారపడ్డారు. చైనా ప్రభుత్వం 2009లో కాల్పనిక నాణేలతో నిజమైన వస్తువులు కొనుగోలు చేయడాన్ని నిషేధించింది. బ్లిజార్డ్ 2015లో తానే ఒక అధికారిక టోకెన్‌ను ప్రవేశపెట్టి డాలర్లకూ ఆటలోని బంగారానికీ మధ్య చట్టబద్ధమైన వంతెన వేసింది.

ఇందులో నేలమాళిగ సారథ్యం కూడా అమ్మకపు సరకైంది. నిపుణులైన నలుగురు, అనుభవం లేని ఒక ఖాతాదారును వెంటబెట్టుకుని కఠినమైన కోటను దాటించి రుసుము వసూలు చేస్తారు. సర్వర్లన్నిటిలో విస్తరించి వ్యవస్థీకృతంగా ఈ వ్యాపారం సాగించే బృందాలను సంస్థ 2022 జనవరి చివర నిషేధించింది. ఉచితంగా నడిపించే సారథి కరవైనచోట డబ్బుకు నడిపించేవాడికి లోటు లేదన్నది దీని సారాంశం. అయితే డబ్బిచ్చి వెంట నడిచినవాడు కోట దాటతాడే గాని, నడిపించడం నేర్చుకోడు.

భారత్‌కు సంబంధించి

ఈ చర్చకు మనదేశంలోనూ ప్రాధాన్యం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల ప్రోత్సాహక, నియంత్రణ చట్టం పందెం సొమ్ముతో ఆడే క్రీడలను నిషేధిస్తూ, ఇ-స్పోర్ట్స్, సామాజిక క్రీడలను వేరుగా గుర్తించింది. పందెం స్వభావం లేని చందాతో నడిచే క్రీడలకు అది చోటు కల్పించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు అంతకు ముందే డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. పేకాట, బెట్టింగ్ యాప్‌ల వల్ల అప్పులపాలైన కుటుంబాల వేదన దృష్ట్యా ఆ చర్యలకు ప్రజామోదం లభించింది. కాగా ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాట కట్టరాదన్న విచక్షణ చట్టంలోనే ఉండటం ఆహ్వానించదగిన పరిణామం.

తెలుగువారికి మరో సంబంధమూ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ సంస్థ 2023 అక్టోబర్‌లో 6,870 కోట్ల డాలర్ల ఒప్పందంతో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను సొంతం చేసుకుంది. వార్‌క్రాఫ్ట్ ప్రపంచం ఆ విధంగా మైక్రోసాఫ్ట్ ఏలుబడిలోకి వచ్చింది. ఇక అమెరికా సర్వర్లలో ఆడదలచిన భారతీయ ఆటగాడికి నాయకత్వం రెట్టింపు కష్టం. న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదింటికి దళాలు జోరుగా కదిలే వేళకు ఇక్కడ తెల్లవారుతుంటుంది. సముద్రగర్భ తంతులు దాటి సంకేతం చేరేలోగా జరిగే స్వల్ప ఆలస్యం దాడిచేసేవాడికి చిన్న ఇబ్బంది; అందరికంటే ముందు కదలవలసిన ట్యాంక్‌కు మాత్రం అదే ప్రాణాంతకం. పైగా ఆజ్ఞలన్నీ పరాయి భాషలో, రెండు మూడు మాటల్లో ఇవ్వాలి.

యంత్రమే సారథి అయితే

యంత్రం కూర్చిన దళంపై అసంతృప్తి చివరకు వెనుచూపుగా పరిణమించింది. 2019 ఆగస్టులో బ్లిజార్డ్ పాతకాలపు వార్‌క్రాఫ్ట్‌ను 'క్లాసిక్' పేరిట తిరిగి విడుదల చేసింది. అందులో డంజన్ ఫైండర్ లేదు. ఆ యంత్రం మొదట ప్రవేశించిన ఘట్టాన్ని 2022లో పునర్విడుదల చేసినప్పుడు కూడా ఆటగాళ్ళ మధ్య సంబంధాలు దెబ్బతింటాయన్న వాదనతో దానిని దూరంగా ఉంచారు. దీనిపై ఆటగాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోయారు. పరిచయాలే ఆటకు ప్రాణమని ఒకరు, గంటలకొద్దీ కేకలు వేసే తీరిక తమకు లేదని మరొకరు వాదించారు. చివరకు 2023లో సంస్థ తలవంచి యంత్రాన్ని చేర్చింది. వాడుకకు అలవాటుపడిన సౌకర్యాన్ని వెనక్కు తీసుకోవడం ఎవరితరమూ కాదని దీనివల్ల మరోసారి తేలింది.

2024 జనవరిలో మరో అడుగు పడింది. మిగిలిన నలుగురి స్థానంలో కంప్యూటర్ నడిపే సహచరులతో నేలమాళిగలోకి వెళ్ళే సదుపాయం వార్‌క్రాఫ్ట్‌లో అమలైంది. ఫైనల్ ఫాంటసీ ఇటువంటి ఏర్పాటును 2019లోనే ప్రవేశపెట్టింది. ఈ యాంత్రిక సహచరులు విసుక్కోరు, ఓటు వేసి వెళ్ళగొట్టరు, కావాలంటే ముందు నడిచి దారి కూడా చూపుతారు. కొత్తవారు భయం లేకుండా సాధన చేసుకోవడానికి ఇదెంతో ఉపకరిస్తుందనడంలో సందేహం లేదు. మాట పడతామన్న జంకుతో ట్యాంక్ పాత్ర జోలికి పోనివారు ఇక్కడ తొలి అడుగులు వేయవచ్చు.

కాని సాధనకూ సారథ్యానికీ తేడా ఉంది. కంప్యూటర్ సహచరుడు అలగడు గనుక అతడిని బుజ్జగించడం నేర్వనక్కరలేదు. అతడు తప్పు చేయడు గనుక క్షమించడం తెలియనక్కరలేదు. అపరిచితుడు అలసిపోయి ఉండవచ్చు, తొందరలో ఉండవచ్చు, దారి తెలియక సిగ్గుపడి మౌనంగా ఉండవచ్చు. అది పసిగట్టి ఒక్క క్షణం ఆగి, ఇక్కడికి మొదటిసారి వచ్చినవారెవరైనా ఉన్నారా అని అడగడంలోనే నాయకత్వం ఆరంభమవుతుంది. ఏ నిబంధనా ఆ ప్రశ్నను తప్పనిసరి చేయలేదు. ఏ బహుమతీ దానికి వెల కట్టలేదు. అయినా ఎవరో ఒకరు దానిని అడుగుతూ ఉన్నందువల్లనే కొత్తవారు నిలదొక్కుకున్నారు, కొందరు తామూ దళాలు నడిపే స్థాయికి ఎదిగారు.

రెండు దశాబ్దాలుగా ఈ క్రీడలో జరిగినది ఇప్పుడు బయటి ప్రపంచంలోనూ సాగుతోంది. అపరిచితులను క్షణాల్లో జతచేసే యాప్‌లు నేడు రవాణా నుంచి ఇంటిపని వరకూ విస్తరించాయి. మనుషులను కలపడం యంత్రానికి చౌకైన పని అయిపోయింది. కలిసినవారిని కలిపి ఉంచే ఓర్పు మాత్రం ఇంకా మనుషులే పండించవలసిన పంట. ఆ పంటకు నీరు పెట్టేవారిని గుర్తించి గౌరవించని ఏ వ్యవస్థలోనైనా వరుసలు పొడవుగానే ఉంటాయి. ముందు నడిచేవాడి స్థానం ఖాళీగానే ఉంటుంది.